బండికి చెప్పిన మాట

ఆ ఏడు వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి అలుమితాకి పొద్దున లేస్తూనే రెండు చూపులు. ఒకటి మొగుడి కాలి కట్టు మీద, రెండోది బండి కింద నేల మీద. కట్టు తడిసి ఉంటే గుండె జారేది. నేల తడిసి ఉన్నా అంతే. కట్టు ఒక రోజు తడి, ఒక రోజు పొడి. నేల మాత్రం రోజూ తడే. బండి నడుం కింద నల్లగా, జిడ్డుగా, చేమాకంత మచ్చ.

మొగుడు ఎమోసీకి చక్కెర జబ్బు. పోయిన ఏడాది కుడికాలి వేళ్లు తీసేశారు. వారానికి రెండుసార్లు లంబాసా ఆస్పత్రికి తీసుకెళ్లి పుండు కడిగించాలి. అది తప్పితే ఈసారి మోకాలి దాకా తీయాల్సి వస్తుందని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. బస్సేమో ఏటికి అవతలే తిరిగిపోతుంది. వీళ్ల వైదామూ ఊరు ఏటికి ఇవతల, కొండ మీద. చంకలో కర్రలు పెట్టుకుని నడిచే మనిషి, అందులోనూ ఎమోసీ అంత భారీ మనిషి, ఏరు దాటేదెట్లా? ఆ పాత కారు ఒక్కటే దిక్కు. అలుమితాయే నడుపుతుంది. బండి పడుకుంటే కాలు పోయినట్టే లెక్క.

గేరుబాక్సు నూనె కారుతోందని తెలియగానే బండిని ఇనోకే షెడ్డుకి తోలింది. కొండ దారి వచ్చి పెద్ద రోడ్డులో కలిసేచోట ఉంటుంది అది. ఇనోకే ఎమోసీకి మేనత్త కొడుకు. ఫిజీలో మేనత్త కొడుకూ మేనమామ కొడుకూ కలిశారంటే మంచిమాట వినపడదు. ఒకణ్ణొకడు ఎంత తిట్టుకుంటే అంత ప్రేమ. మర్యాదగా మాట్లాడితేనే ఏదో తేడా వచ్చిందని జనం అనుకుంటారు.

ఇనోకే బండిని గుంట మీదికి ఎక్కించి, కిందికి దిగి చూశాడు. గేరుబాక్సు తోక దగ్గర, వెనక చక్రాలకి పోయే పొడుగాటి షాఫ్టు దూరేచోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది అరిగిందన్నాడు. షాఫ్టు ఏ వైపు ఎట్లా ఉందో సుద్దతో గీత గీసుకుని, బోల్టులు విప్పి, బయటికి లాగాడు. పాత సీలు ఊడబెరికి, కొత్తదాని పెదవికి నూనె రాసి, సరిగ్గా అంత వెడల్పున్న గొట్టం ముక్క ఆనించి చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాడు. పైన బల్ల మీద కూర్చుని నిమ్మాకుల టీ తాగుతున్న ఎమోసీ ఊరుకుంటాడా? సుత్తి పట్టుకున్న తీరు చూస్తే కర్రపెండలం దంచే ముసలమ్మ గుర్తొస్తోందన్నాడు. వేళ్లు లేనివాడు చేతుల సంగతి మాట్లాడకూడదని గుంటలోంచి జవాబొచ్చింది. ఇద్దరూ కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

వారం తిరక్కుండా నేల మళ్లీ తడిసింది.

ఇక్కడే వచ్చింది అలుమితాకి చిక్కు. మొగుడికి బావ అయితే ఆమెకు అన్న వరస. ఆ నేలమీద అన్నాచెల్లెళ్లు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోరు, కళ్లలోకి చూసుకోరు. అట్లాంటిది అన్న చేసిన పని చెడిందని అతని మొహం మీద అనడమే? నోరు ఎట్లా పెగులుతుంది? పోనీ మొగుడితో చెప్పిద్దామంటే, సాయంత్రాలు తాగే యంగోనా వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చున్న ఊరందరి ముందూ ఆ మాటకి తోకలు తగిలించి ఏడాదిపాటు ఊరేగిస్తాడు. బావలకి అది సరసమే. కానీ పదిమందీ నిజమని నమ్మి ఇనోకే దగ్గరికి బండ్లు తేవడం మానేస్తే?

అందుకని దాచింది. మొగుడు లేవకముందే మచ్చ మీద ఇసుక చల్లేది. బండి చల్లగా ఉన్నప్పుడే కిందికి దూరి, గేరుబాక్సు పక్కనున్న బిరడా విప్పి, సన్నగొట్టంతో కాస్త నూనె పోసేది. బోర్లా పాకుతూ బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు రొట్టెలు కాల్చేది. అట్లా ఎన్నాళ్లని నెట్టుకొస్తుంది? ఒక శుక్రవారం ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే ఎత్తు ఎక్కేచోట గేరుబాక్సు సన్నగా ఏడవడం మొదలెట్టింది. వెనక సీట్లో కాలు చాపుకుని పడుకున్న ఎమోసీకి గురకలో వినపడలేదు. ఆమెకి మాత్రం స్పష్టంగా వినపడింది.

బండి వెనక్కి తిప్పి ఇనోకే షెడ్డు ముందు ఆపింది. అతను దూరంగా టైరు ఊడదీస్తున్నాడు. అలుమితా దిగి, అతనికి వీపు పెట్టి నిలబడి, బండి రేకు మీద చెయ్యి వేసింది.

"బండీ, ఎందుకే ఏడుస్తున్నావు? మా అన్నయ్య కొత్త సీలు వేశాడు కదా. మళ్లీ నూనె కారుస్తున్నావంటే తప్పు నీదే అయ్యుంటుంది. ఆయన చేతిలో పని ఎప్పుడూ చెడలేదు" అంది, అతనికి వినపడేటంత గొంతుతో.

టైరు మీద చప్పుడు ఆగింది. ఇనోకే కూడా బండి ముందుకొచ్చి, చెల్లెలి వైపు చూడకుండా, దీపం అద్దంతో చెప్పాడు.

"బండీ, నొప్పి ఉంటే అదే రోజు చెప్పాలమ్మా. ఇన్నాళ్లు ఓర్చుకుంటారా? రా, గుంట ఎక్కు."

అలుమితా కళ్లు తుడుచుకుంది. అంతే, దాచుకున్న బరువంతా దిగిపోయింది.

ఈ హడావిడికి ఎమోసీ లేచాడు. సంగతి తెలిసి అతని మొహం చాటంత అయింది. టీ కప్పుతో బల్ల మీదికి చేరి, కర్రపెండలం దంచే ముసలమ్మ పాట మళ్లీ ఎత్తుకున్నాడు. ఇనోకే గుంటలోకి దిగాడు. వేడి బండి కింద నిలబడి పక్క బిరడా వదులు చేశాడు. బుస్సుమని గాలి తన్నింది, నూనె తుంపర మొహాన పడింది. గేరుబాక్సు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది, అది పోవడానికి పైన చిటికెనవేలంత గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే గాలికి దారి లేక, నూనెని సీలు పెదవుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఇనోకే చెయ్యి పైకి పోనిచ్చి తడిమాడు. గొట్టం నోట్లోంచి ఏదో గట్టిగా, బంకగా ఉన్న ముద్దని గోటితో పెకలించి, వెలుతురులో పెట్టి చూశాడు. వాసన చూశాడు.

"సీమపనస జిగురు. బావా, ఇది ఇక్కడికి ఎట్లా ఎక్కింది?"

ఎమోసీ నవ్వు ఆగిపోయింది. టీ కప్పులోకి చూస్తూ నసిగాడు. వానల్లో ఏరు పొంగినప్పుడు నీళ్లు లోపలికి పోతాయేమోనని భయమేసిందట. బండి కింద పడుకుని, దొరికిన చిల్లుకల్లా జిగురు కొట్టాడట.

"మా తాత పడవకి ఇదే జిగురు కొట్టేవాడు. ఒక్క చుక్క లోపలికి రాలేదు" అన్నాడు, ఇంకా కాస్త బింకంగానే.

"పడవకి ఊపిరి అక్కర్లేదు బావా. దీనికి కావాలి. ముక్కు మూసేసి, ఏడుస్తోందని నన్ను తిడతావా? కాలివేళ్లతోపాటు బుర్ర కూడా ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చావు."

ఇనోకే అంతటితో ఊరుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ కొండ ఏరు ఎంత ఎత్తు వస్తుందో అతనికీ తెలుసు. సీలు మళ్లీ కొత్తది వేసి, ఆ చిన్న గొట్టానికి పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, దాన్ని ఇంజను వెనకగా పైదాకా తీసుకెళ్లి, కొస కిందికి వంచి కట్టాడు. ఇప్పుడు ఏరు తలుపుల దాకా వచ్చినా గేరుబాక్సు నీళ్లు తాగదన్నాడు. బావ భయపడిన మాట నిజమే, మందు ఒక్కటే తప్పు అన్నాడు. గొట్టం ముందే తడిమి చూడకపోవడం తన పొరపాటని కూడా అన్నాడు, అదీ బండితోనే.

మర్నాడు నేల పొడి. ఆ మర్నాడూ పొడి. అలుమితా నమ్మలేక అరచెయ్యి ఆనించి చూసేది, ఎర్రమట్టి తప్ప ఏమీ అంటేది కాదు. ఒక్క ఆస్పత్రి రోజూ తప్పలేదు. సీమపనస పండ్ల కాలం వచ్చేసరికి, పుండు మూసుకుంటోంది, ఇక నెలకోసారి వస్తే చాలని డాక్టరమ్మ అంది.

ఆ రోజు తిరుగుదారిలో షెడ్డు దగ్గర బండి ఆపమన్నాడు ఎమోసీ. కర్రల సాయంతో దిగాడు. ఇనోకే మామూలుగానే ఒక తిట్టు సిద్ధం చేసుకుని ఎదురొచ్చాడు. ఎమోసీ మాత్రం కర్రలు పక్కన పెట్టి, కష్టంగా నేల మీదికి దిగి, పెద్దవాళ్ల ముందు కూర్చున్నట్టు తల వంచి కూర్చున్నాడు. చేతులు దొన్నెలా చేసి, నిదానంగా, లోతుగా చప్పట్లు కొట్టాడు. పెద్దల చేతిలోంచి ఏదైనా అందుకున్నప్పుడు మాత్రమే కొట్టే చప్పట్లవి. బావకి బావ కొట్టగా ఆ రోడ్డులో ఎవరూ చూసి ఎరగరు.

ఇనోకేకి తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

"బావా, జ్వరమా?" అన్నాడు.

"లేదు. కాలుంది" అన్నాడు ఎమోసీ.

అలుమితా బండి దిగలేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి, అన్న వైపు చూడకుండానే, గొంతు పెంచి చెప్పింది.

"బండీ, మా అన్నయ్య చల్లగా ఉండాలని చెప్పు. రోజూ పొద్దున నేల చూసినప్పుడల్లా తలుచుకుంటున్నానని చెప్పు."

ఇనోకే ముందుకొచ్చి బండి ముక్కు మీద మురికి గుడ్డతో ఓసారి తుడిచాడు.

"విన్నానని చెప్పవే" అన్నాడు దానితో.