ఆకలి చచ్చిన తొట్టి

"ఈ పొద్దు ఏమో అయ్యేట్టుండాదన్నా. నాకు భయమైతా ఉండాది," అంది సొన్నమ్మ, చీపురు మొదలు నేలకేసి తట్టుకుంటూ.

తొట్టి దగ్గర నిలబడ్డ అంజినప్ప వెనక్కి తిరగకుండానే, "నీకు భయం కానిది ఏ పొద్దులేమ్మా? నిన్న నల్లిలో నీళ్ళు రాకపోతే భూకంపమన్నావు," అన్నాడు.

బొమ్మసంద్రలోని ఆ పామాయిల్ మిల్లులో సొన్నమ్మ ఆరేళ్ళుగా కసువు ఊడుస్తోంది. నూనె తీశాక మిగిలే గోధుమరంగు మురుగునీరు మోరీ వెంట పెద్ద తొట్టిలోకి పోతుంది. తొట్టి మీద కప్పిన నల్లటి రబ్బరు గుడారం కింద గ్యాస్ నిండుతుంది. ఆ గ్యాస్‌తోనే బాయిలర్ మండుతుంది, క్యాంటీన్‌లో అన్నం ఉడుకుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేది అంజినప్ప. రోజూ ఉదయం ఆ గుడారాన్ని, పసిబిడ్డ పొట్ట తట్టినట్టు, అరచేత్తో తట్టి చూస్తాడు.

ఈవేళ చెయ్యి లోపలికి దిగబడింది. గుడారం కుంగి మడతలు పడింది.

"ఏమైందన్నా?"

"ఆకలి చచ్చింది దీనికి. లోపల కంటికి కనపడని పురుగులుండాయి సొన్నమ్మా. అవి మురుగు తిని గ్యాస్ వదులుతాయి. ఎవురో వాటిమీద మందు పోసినట్టుండాది."

సొన్నమ్మ చీపురు ఆగిపోయింది. సోమవారం నుంచి నిన్నటిదాకా మోరీలో ఫినాయిల్ పోసింది తనే. ఎవరో పెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారట, కంపు కొట్టకూడదని రోజుకు రెండు పెద్ద డబ్బాలు. ఆమెను ఎవరూ పొయ్యమనలేదు. పురుగులుంటాయని ఎవరూ చెప్పనూ లేదు.

చెప్పేద్దామనుకుంది. నోరు రాలేదు. పనిలోంచి తీసేస్తారు, పోలీసులొస్తారు, ఫోటో పేపర్లో పడుతుంది, పాలిటెక్నిక్‌లో కూతురు అంబికను అందరూ వేలెత్తి చూపిస్తారు. మధ్యాహ్నానికల్లా ఆమె మనసులో తాను జైలుకూడు తింటోంది.

క్యాంటీన్‌లో మంట చాలక అన్నం బిరుసుగా ఉంది. ఎదురుగా కూర్చున్న అంజినప్ప నమిలి నమిలి మింగుతూ, "తిను సొన్నమ్మా, ఈ పొద్దు పండ్లకు కసరత్తు," అని నవ్వాడు. ఆమె కంచం పక్కకు జరిపేసింది.

మూడింటికి ఇంజనీర్ ఫయాజ్ వచ్చాడు. "మీరు సరిగా చూసుకోలేదు అంజినప్పా. ప్లాంట్ మొత్తం డౌన్ అయింది. రేపట్నుంచి అత్తిబెలె గోడౌన్‌కి వెళ్ళండి."

"నేను ఏమీ పొయ్యలేదు సార్," అన్నాడు అంజినప్ప. ఒక్కసారే అన్నాడు. పదకొండేళ్ళు కాచిన తొట్టి వైపు చూడకుండా సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు.

ఫయాజ్ ఊడ్చేవాళ్ళందరినీ పిలిచి వరుసగా నిలబెట్టాడు. "ఆయన ఏమీ పొయ్యలేదంటున్నాడు. మరి మీలో ఎవరైనా డ్రైన్‌లో ఏమైనా పోశారా? ఏం పోశారో తెలిస్తేనే ట్యాంక్‌ని బాగుచెయ్యగలను."

బాయిలర్ ఆగిపోయి మిల్లంతా ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. హోసూరు రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. గేటు దగ్గర అంజినప్ప వీపు చిన్నదవుతోంది. తొట్టి పక్కన పైపుకు అతని ఉన్ని టోపీ వేలాడుతోంది. మరిచిపోయాడు.

సొన్నమ్మ వరుసలోంచి బయటికి వచ్చి, ఆ టోపీ తీసుకుని రెండు చేతులా పట్టుకుంది.

"నేనే సార్ పోసింది. ఫినాయిలు. ఎనిమిది డబ్బాలు. నన్నేమైనా చేసుకోండి, ముందు ఆ అన్నను ఎనక్కి పిలవండి."