ఖాళీ గొట్టం

నీటి సరఫరా ఆఫీసులో పొద్దున్నే జరిగే మొదటి పని టీ పెట్టడం. ఏ పేటకి గొట్టాలు వేయాలనుకుంటున్నారో ఆ పేట ప్లాను బల్ల మీద పరిస్తే, పక్కనున్న కొళాయిలోంచి ఆ పేటకి రేపు గొట్టాలు పడ్డాక రాబోయే నీళ్ళే వచ్చేవి. అటెండరు వాటితో టీ పెట్టేవాడు. టీ బాగుంటే పెద్దసారు సంతకం పెట్టేవాడు, ఉప్పగా ఉంటే బోర్ల సంగతి మళ్ళీ చూడమనేవాడు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం చక్కెర తక్కువైందని గొణిగేవాళ్ళు. కొళాయి గురించి ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

ఊరు పెరిగిపోతోంది. నిన్న ముళ్ళకంపలున్న చోట ఇవాళ మేడలు లేస్తున్నాయి. అలా లేచిన కొత్త పేటకి ప్లాను గీసిన ఇంజనీరుకి ఆ పేటలోనే అక్క ఉంది. ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం అయిన మర్నాటి నుంచీ బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూస్తోంది. రోజూ ఫోను.

"ఏమే, నువ్వు ఇంజనీరువైతే నాకు ఒరిగిందేంటి? ఇక్కడ ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకుంటున్నాం."

"ఇవాళ సంతకం అయిపోతుందక్కా."

"నిన్నా అదే చెప్పావు. నీకంటే ట్యాంకరువాడే నయం, అబద్ధమైనా నవ్వుతూ చెప్తాడు."

పేటలో వీధి ఇరుకు. అందుకని మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం ఒకే కందకంలో పక్కపక్కన వేద్దామన్నాడు పెద్దసారు. ఇంజనీరు కాస్త నసిగి, అలాగే గీసింది. పొద్దున టీ ఎంత బాగుందంటే పెద్దసారు రెండో కప్పు అడిగి మరీ తాగాడు. మీటింగు నుంచి వచ్చి సంతకం పెడతానని వెళ్ళాడు.

భోజనమయ్యాక ఇంజనీరు డబ్బా కడుక్కుందామని కొళాయి తిప్పింది. ప్లాను ఇంకా బల్ల మీదే ఉంది. నీళ్ళు రాలేదు. ఆ పేటకి పొద్దున పూటే నీళ్ళివ్వాలని ప్లాను, తర్వాత గొట్టం ఖాళీ. కట్టేయబోతుంటే సింకులో చుక్కలు కదిలాయి. ఒక్కొక్కటే వణికి, గాల్లోకి లేచి, కొళాయి నోట్లోకి పోయాయి. వాటి వెనకే ఇంజనీరు చున్నీ చెంగూ లోపలికి పోయింది. గట్టిగా లాగితే వచ్చింది. అంచంతా నల్లటి జిగురు, మురుగు కంపు.

అప్పుడు గొట్టంలోంచి అక్క గొంతు వినిపించింది.

"పిడుగూ, కళ్ళు తెరువమ్మా. ఒక్క చెంచా. మింగు తల్లీ, ఒక్క చెంచా మింగు."

పిడుగంటే అక్క కూతురు. రోజంతా గోడలెక్కి దూకే పిల్ల. గొట్టంలోంచి దాని జవాబేదీ రాలేదు. అక్క మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఇంజనీరు కొళాయి కట్టకుండా అలాగే వదిలేసింది.

ఇన్నేళ్ళూ అందరూ నీళ్ళు వచ్చే వేళే రుచి చూశారు, టీ వేళ అదే కాబట్టి. నీళ్ళాగాక ఖాళీ గొట్టం పక్కనున్న మురుగులోంచి ఏం పీల్చుకుంటుందో ఒక్కరూ చూడలేదు.

పెద్దసారు తిరిగొచ్చి అంతా విని విసుక్కున్నాడు. "ఏ గొట్టమైనా ఖాళీ అయితే కాస్త గాలి పీలుస్తుందమ్మా. దానికింత కంగారా?"

"చెయ్యి పెట్టి చూడండి సార్."

పెట్టాడు. అరచెయ్యి అతుక్కుపోయింది. అటెండరు పరిగెత్తుకొచ్చి ఆయన నడుం పట్టుకు లాగాడు. "జాగ్రత్త సార్, సంతకాల చెయ్యది!" టప్పున ఊడొచ్చింది. అరచేతిలో ఎర్రటి గుండ్రటి వాత. పెద్దసారు దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"మురుగు ఎటు మళ్ళించాలి?" అన్నాడు చివరికి.

"ఇళ్ళ వెనక జాగాలోకి సార్. అందరూ దాన్ని కలిపేసుకుని వంటిళ్ళు కట్టుకున్నారు. మా అక్క కూడా."

వారం తిరక్కుండానే కూల్చాల్సిన గోడల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. ఇంజనీరు వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రా తల్లీ రా. ఊళ్ళోవాళ్ళ వంటిళ్ళు అయిపోయాయా, సొంత అక్క వంటిల్లు కూలగొట్టడానికొచ్చావా?"

"ఆ రోజు పొద్దున మీ పేట నీళ్ళతో పెట్టిన టీ బాగానే ఉందక్కా. మధ్యాహ్నం ఆఫీసు కొళాయి తిప్పితే మురుగు వాసనొచ్చింది, ఒక గొంతు కూడా వినిపించింది."

"వాసనకి ఇల్లు పడగొడతారటే? ఆ పలకలు నేనే ఒక్కోటీ ఏరుకొచ్చాను. ఆ గట్టు నా ఎత్తుకి కొలిపించుకున్నాను. నీకేం తెలుసు?"

చెల్లెలు తలదించుకుంది. గొట్టంలోంచి విన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. అవతల పిడుగు ఇసక కుప్ప మీదనుంచి దూకి, "పిన్నీ, చూశావా ఎంత దూరం దూకానో!" అని అరిచింది. చెల్లెలు అటు తిరగలేదు. తిరిగితే ఏడుపొచ్చేస్తుందని భయం.

అక్క ఆ తిరగకపోవడం చూసింది.

"ఎవరి గొంతు వినిపించింది?"

"నీదే."

"ఏమంటున్నాను?"

చెల్లెలు అప్పుడు పిడుగు వైపు తిరిగింది.

అక్క ఇసక కుప్ప వైపు చూసింది. కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళి, అలమరలోంచి డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దించడం మొదలుపెట్టింది.