కొండమ్మ తొంటి తీపు

నొప్పి పాఠం తయారుచేసిన పెద్దలారా, కొండమ్మను ఏడిపించింది మీరే. విరిగిన తొంటి కాదు.

రాచర్లలో మేకల వెంట పరిగెత్తుతూ గట్టు మీంచి పడింది కొండమ్మ. మార్కాపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ ఇంకా కాలేదు. ఆమె అడిగేది ఒక్కటే, ఆ కాలు కాసేపు ఊరుకుంటే కునుకు తీస్తానని. సరిగ్గా అప్పుడే అక్కడ నొప్పి మీద శిక్షణ పెట్టారు. డాక్టరు చదివే పవన్, నర్సింగు తబస్సుమ్, ఫార్మసీ నౌషాద్, ఫిజియోథెరపీ అరుణ, అందరూ కలిసి నేర్చుకోవాలట. నేర్పడానికి బెంగళూరులో పుట్టి పెరిగిన సారు దిగాడు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం కదా అని తలా ఒక పలక ఇచ్చాడు. కొండమ్మను మంచంతో సహా హాల్లోకి తోయించాడు.

"రోగి ఏం చెప్తే అదే నొప్పి. మాట మార్చకూడదు. అమ్మా, ఎలా ఉంది?"

"తొంటికాడ్నుంచి ఒకటే తీపు నాయనా. పాణం పోతాంది."

"స్వీట్," అన్నాడు సారు. "రాయండి."

"తీపంటే ఆ తీపి కాదు సార్, గుంజడం. మా అవ్వ గూడా అట్లే అంటాది," అన్నాడు పవన్.

"మీ అవ్వ ఇక్కడ పేషెంటా?"

మార్కులు సారు చేతిలో ఉన్నాయి. పవన్ పలక మీద 'తీపి' అని గుండ్రంగా రాశాడు. తెలిసి రాశాడు, అదీ వీడి చదువు.

తబస్సుమ్ కొండమ్మ వేలు పొడిచి షుగర్ చూసింది. నార్మల్. చక్కెర లేదు కాబట్టి తీపు కూడా లేదని సారు తేల్చాడు. నౌషాద్ తెచ్చిన నొప్పి ఇంజెక్షన్ మళ్ళీ ట్రేలో పడింది. తీపికి నడక మంచిదని అరుణ మొదలుపెట్టి, కట్టు చూసి, చేతులు ఊపమంది.

"చేతులు బాగనే ఉండాయి గదమ్మా," అంది కొండమ్మ. "మీరు చదివేది ఆస్పత్రి చదువా, మిఠాయి దుకాణం చదువా?"

తబస్సుమ్ ఇక ఆగలేక ఆమె చెవి దగ్గర వంగింది. "అవ్వా, ఒక్కసారి నొప్పి అను. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాలు మాత్రం ముట్టుకోబాక తల్లీ. నొప్పంటే మందిస్తారా?"

"ఇస్తారు."

"అయితే నొప్పే."

సారు తల అడ్డంగా ఊపాడు. "చెప్పించిన మాట చెల్లదు. మొదటి మాటే ఖాయం."

పాఠం అయిందని అందరూ చప్పట్లు కొట్టారు. బిర్యానీ తినడానికి పోయారు. కొండమ్మకు పంపిన పళ్ళెంలోంచి డబుల్ కా మీఠా తీసేశారు, తీపు మనిషి కదా అని.

పెద్దలారా, పాఠం తర్వాత దిద్దుకోండి. ముందు బిర్యానీ దగ్గర్నుంచి లేవండి. ఆమె మంచం ఇంకా హాల్లోనే ఉంది. ఇంజెక్షన్ ట్రేలోనే ఉంది. పవన్, నీ పలక తుడువు. మందు ఇప్పుడే వెయ్యండి, ఆమె ఏ మాటన్నా సరే.