పడని గొళ్ళెం

మంచాల కంపెనీ ఉత్తరం పొద్దుటి రౌండ్సు అయ్యాక వార్డుకొచ్చింది. హెడ్ నర్సు నిలబడే చదివింది. ఆ రకం మంచాలన్నిటినీ వెనక్కి తీసుకుంటున్నారట. పక్క కమ్మీ పైకి లేపితే గొళ్ళెం టక్కుమని పడినట్టే వినిపిస్తుంది గానీ, కొన్నిటికి లోపల పట్టు ఉండదట. రోగి ఒరిగితే కమ్మీ జారిపోవచ్చట. రెండోసారి చదవబోతే చూపు ఏడో నంబరు మంచం మీదికి పోయింది.

నాలుగు నెలల కిందట ఏడో నంబరు మంచం మీది పెద్దాయన కిందపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంతకుముందే దుప్పటి మార్చి కమ్మీ లేపింది ఆయా. ఇరవై రెండేళ్ళుగా అదే వార్డులో చాకిరీ చేస్తున్న మనిషి, అందరికీ పిన్ని. ఆమె లేకపోతే వార్డులో దూది కూడా దొరకదని డాక్టర్లే వేళాకోళమాడేవారు. గొళ్ళెం వేశాను, చప్పుడు కూడా విన్నానని ఆమె మొత్తుకున్నా, హెడ్ నర్సు పెద్దాయన కొడుకుల ముందు, వార్డు మొత్తం ముందు ఆమెను కడిగేసింది. నిర్లక్ష్యమని రిపోర్టు రాసింది. పిన్నిని లాండ్రీకి మార్చేశారు.

ఎవరికీ తెలియని సంగతి ఇంకోటుంది. ఆ వేళ పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తూ ఆ చప్పుడు హెడ్ నర్సు కూడా వింది. కొడుకులు మీదమీదికొస్తుంటే ఆ మాట గొంతులోనే మింగేసింది. తరవాత, విన్నది వేరే మంచం చప్పుడేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

హెడ్ నర్సు ముందుగా వార్డులోని మంచాల కమ్మీలన్నీ కట్టుగుడ్డతో బిగించి కట్టించి, ఉత్తరం పట్టుకుని నేలమాళిగలోని లాండ్రీకి దిగింది. పిన్ని దుప్పట్లు మడత పెడుతోంది. ఉత్తరంలో ఉన్నది హెడ్ నర్సు ఆమెకు చెప్పింది. చప్పుడు తానూ విన్నానని, తల దించుకునే, చెప్పేసింది.

పిన్ని చేతులు ఆగిపోయాయి. మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది.

"వేశానని చెప్పీ చెప్పీ, ఆఖరికి వెయ్యలేదేమోనని నేనే అనుకున్నానమ్మా. మా అమ్మాయి పసిదాన్ని చేతికిస్తే, వద్దు, నాకు మతి నిలవడం లేదని తిప్పి ఇచ్చేస్తున్నాను."

నాలుగు తిట్టినా బాగుండుననిపించింది హెడ్ నర్సుకి. క్షమించమని అడగబోయింది.

"నన్నేం అడగొద్దు. ఆ రోజు అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పండి" అంది పిన్ని.

మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ హెడ్ నర్సు రెండు షిఫ్టుల వాళ్ళనూ నిలబెట్టి చెప్పింది. ఉత్తరం సంగతితో ఆపేద్దామని మనసు పీకింది. తలుపు దగ్గర పిన్ని నిలబడి చూస్తోంది. చప్పుడు విన్నాననీ, విననట్టు రాశాననీ కూడా చెప్పేసింది. తను పని నేర్పిన చిన్న నర్సొకామె చూపు తిప్పుకుంది. పిన్ని లాండ్రీకి వెళ్ళిపోయింది.

సాయంత్రం హెడ్ నర్సు కొత్త రిపోర్టు రాసి సూపరింటెండెంటుకిచ్చింది. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, అతను అన్నవన్నీ పడింది.

వారం తిరక్కుండా పిన్నికి వార్డు పని తిరిగి ఇచ్చారు. ఆమె మాత్రం ఆ వార్డు వద్దని, పై అంతస్తు అడిగి తీసుకుంది. ఇప్పుడు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా హెడ్ నర్సే గోడవారకు ఒదిగి ఆమెకు దారిస్తుంది.