మిరపకాయలతో కొలిచిన కొండదారి

2001 జనవరి 20, శనివారం, ఉదయం ఆరున్నర గంటలు. నల్లమల అంచున ఉన్న గుమ్మడంపాడు రేషన్ డిపో అరుగు. హాజరైనవారు ముగ్గురు: ఒంగోలు నుంచి వచ్చిన కొలతల అధికారి రామాంజనేయులు, వినుకొండలో సైకిల్ షాపు నడిపే నజీర్, కొండపైని పాలగుండం నుంచి ముందురోజే దిగివచ్చిన పున్నమ్మ.

డిపోకు ఇరవై కిలోమీటర్లు దాటిన గూడేనికి సొంత డిపో ఇవ్వవచ్చునని నిబంధన. పటం మీద స్కేలు పెడితే పాలగుండం పదిహేడే వచ్చింది. పటంలో తిన్నని గీతగా ఉన్న ఆ దారి అడవిలో లోయలను చుట్టుకుంటూ కొండ ఎక్కుతుంది. అరవై దాటిన పున్నమ్మ నెలనెలా ఆ దారినే దిగి, బియ్యం నెత్తిన పెట్టుకొని తిరిగి ఎక్కుతుంది.

"ఈ ఏడు నా మోకాళ్లు రావు సారూ" అని ఆమె చెప్పేసింది. సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఆలోగా దూరం తేలాలి.

సంతరోజుల్లో తన షాపు ముందు కూర్చుని చింతపండు అమ్మే పున్నమ్మ కోసం నజీర్ ఒక ఉపాయం చెప్పాడు. ముందుచక్రం చువ్వకు మేకు బిగించి, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు రేకు కట్టాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒకసారి టక్కుమంటుంది. రామాంజనేయులు స్వయంగా టేపు పెట్టి చూశాడు: చుట్టుకు రెండు మీటర్ల పంతొమ్మిది సెంటీమీటర్లు. షరతులూ ఆయనే రాశాడు. ఎక్కలేనిచోట నెట్టవచ్చు, చక్రం మాత్రం నేల విడవకూడదు. అడవి అనుమతి సాయంత్రం నాలుగు వరకే.

హ్యాండిలుకు రెండు గుడ్డసంచులు వేలాడుతున్నాయి. నూరు చుట్లకొక ఎండుమిరపకాయ కుడిసంచి నుంచి ఎడమసంచిలోకి మారాలి.

"పుస్తకంలో గీతలు గీసుకోవచ్చు కదయ్యా?"

"కొండెక్కుతా పెన్ను ఎక్కడ పట్టుకోను సార్? మా నాన్న కళ్లంలో బస్తాకో కాయ పక్కనపెట్టేవాడు. ఒక్క బస్తా తప్పలేదు."

ఎక్కుడులో తొక్కడం తేలికవుతుందని నజీర్ వెనకచక్రానికి పెద్ద ఫ్రీవీల్, అంటే పెద్ద పళ్లచక్రం, వేసుకున్నాడు. అయినా వెదురు పొదల మధ్య రాళ్ల ఎక్కుడులో పెడల్ మీద నిలబడి తొక్కవలసి వచ్చింది. అతడు ఇచ్చిన అద్దె సైకిలును అధికారి తొక్కిన దానికంటే నెట్టిందే ఎక్కువ. పున్నమ్మ ఇద్దరికన్నా ముందు నడిచి, మలుపు మలుపు దగ్గరా నిలబడి వాళ్ల కోసం చూసేది.

"ఏంది సారూ, పటంలో ఈ ఎక్కుడు లేదా?"

ఆయన సైకిలును ఇంకో రాయి మీదికి నెట్టాడు.

కొండపైకి చేరేసరికి రెండుముప్పావు అయింది. ఇక లోయ అంచునే సన్నని బాట. కుదుపులకు సంచుల్లో కాయలు నలిగిపోయాయి. ఎనభయ్యో కాయ దగ్గర నజీర్ చెమట కారుతోందని, కాయ పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

"యా అల్లా!" అని బ్రేకు పట్టి రెండు కాళ్లూ నేల మీద ఆనించాడు. సీసాలో మిగిలిన నీళ్లన్నీ పోసుకున్నా కళ్లు తెరుచుకోలేదు.

"గుంటూరు జిల్లావాడివి, మిరపకాయ పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకుంటావట్రా!" అంది పున్నమ్మ.

"తర్వాత తిట్టు పెద్దమ్మా. సార్, ఎనభయ్యోది సంచిలో వేశానో, కింద పడేశానో తెలీదు. వెయ్యలేదనే రాసుకోండి."

అధికారి అతణ్ణి ఒక్క క్షణం చూసి, అలాగే రాసుకున్నాడు. పటం చెప్పిన పదిహేడు దాటింది, ఇరవై దాటలేదు. నెట్టుకుంటూ పోతే నాలుగులోపు చేరలేరు. ఆయన తన సైకిలు ఎక్కి, "అమ్మా, వెనక క్యారియర్ మీద కూర్చో. అతని వైపు తిరిగి కూర్చో. నువ్వు దారి చెప్పు, నేను తొక్కుతా" అన్నాడు.

పున్నమ్మ కూర్చుంది. మొదటి మలుపులోనే "కుడికి!" అని అరిచింది. నజీర్ కుడికి తిప్పాడు. చక్రం గడ్డిలోకి జారింది. అంచు మీది రాయొకటి దొర్లుతూ లోయలో పడింది.

"ఎవరి కుడి పెద్దమ్మా? నీ మొహం నావైపుంది!"

"అయితే కుడీ ఎడమా వద్దు. కొండవైపు! ఆఁ, కొండవైపు! ఇప్పుడు కాస్త లోయవైపు!"

అలా సాగింది ఆ ఊరేగింపు. ముందు రొప్పుతూ అధికారి, ఆయన వెనక కేకలతో పున్నమ్మ, ఆ కేకల వెంట కళ్లు మూసుకొని నజీర్. టక్, టక్, టక్. నూరేసి చుట్లకు చెయ్యి తడుముకొని ఒక్కో కాయ మారుస్తూనే ఉంది. తొంభై రెండో కాయ మారినప్పుడు అధికారే "దాటింది! ఇరవై దాటింది!" అని అరిచాడు. సైకిలు వంకర్లు పోయింది.

"ముందు చూసి తొక్కు సారూ! నన్ను లోయలో పడేస్తే బియ్యమెవరు తినేది?"

మూడు గంటల యాభై రెండు నిమిషాలకు ముందుచక్రం పాలగుండం మొదటి గుడిసె గడపకు తగిలింది. గూడెమంతా ఈలలు వేసింది. ఎవరో తెచ్చిన మజ్జిగతో నజీర్ కళ్లు కడుగుతుంటే, రామాంజనేయులు చాప మీద కాయలు పరిచి రెండుసార్లు లెక్కపెట్టాడు. అనుమానపు ఎనభయ్యో కాయను లెక్కలో వేసుకోకుండానే తొంభై ఏడు కాయలు, పైన ముప్పై ఎనిమిది చుట్లు. ఇరవై ఒక్క కిలోమీటర్ల మూడువందల ఇరవై ఆరు మీటర్లు.

"ఇన్నేళ్ల నుంచీ నా మోకాళ్లు చెప్పింది అదే సారూ" అంది పున్నమ్మ.

ఆయన అదే చాప మీద కూర్చుని కొలత పత్రం రెండు ప్రతులు రాశాడు: ఒకటి సోమవారం కమిటీకి, ఒకటి పున్నమ్మకు. అధికారి, నజీర్ సంతకాలు చేశారు. పున్నమ్మ వేలిముద్ర వేసింది. తన ప్రతిని ఆమె నాలుగు మడతలు పెట్టి, రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవరులోకి తోసి, దాన్ని రేకుపెట్టె అడుగున దాచింది.