హుమిరే వాళ్ళ వరస

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు. ఆ రోజు వాన రాకడ మాత్రం మా చురికాలా ఊళ్ళో అందరికీ కనిపిస్తూనే ఉంది. భోజనాల వేళకే తూర్పున, బొలీవియా కొండల మీద, మబ్బు నల్లగా కమ్ముకుంది. చర్చి కప్పు మీద కొత్త గడ్డి మెరుస్తోంది, ఒక్కచోట తప్ప. ఆ ఒక్క చోటూ మా పుట్టింటివాళ్ళది.

గుర్రమెక్కిన మా శాంతియాగో చర్చి కప్పు ఊరందరిదీ. కానీ ఏ ఇంటి వరస ఆ ఇంటిదే. హువాంకా వాళ్ళ వరస గుమ్మం వైపు, చోకే వాళ్ళది గంటల గోపురం వైపు, హుమిరే వాళ్ళది సరిగ్గా లోపలి బొమ్మల గోడకు పైన. ఆ ఇంటి మగవాడు తప్ప ఇంకొకరు ఆ వరసలో గడ్డి పరచకూడదు. కింద సముద్రపొడ్డున ఆరికాలో ట్యాక్సీ తోలుకునేవాడైనా సరే, గడ్డి మార్చే ఏడు వచ్చిందంటే కొండెక్కి వచ్చి తన వరస తాను కప్పి పోవాల్సిందే. మా హుమిరే ఇంట్లో మిగిలిన మగవాడు మా తమ్ముడు ఎవరిస్తో ఒక్కడే. వాడేమో బొమ్మలకు మొక్కని హల్లెలూయా వాళ్ళలో కలిసిపోయి, చెక్కబొమ్మలకు గొడుగు పట్టనని భీష్మించుకు కూర్చున్నాడు. నేనా, హువాంకా వాళ్ళింటి కోడలిని. ఆ వరసలో నా చెయ్యీ చెల్లదు, నా మొగుడి చెయ్యీ చెల్లదు. ఈ కట్టుబాటు పెట్టిన పెద్దలు ఇప్పుడు కనబడితే నాలుగు దులిపేదాన్ని.

మునుపైతే ఇంత భయం ఉండేది కాదు. జనవరి వాన సన్నగా, రోజుల తరబడి కురిసేది. పాతబడిన గడ్డి కూడా దాన్ని తాగి ఎండలో ఆరిపోయేది. ఇప్పుడు నెలల తరబడి చినుకుండదు. గడ్డి మోకాలెత్తు కూడా పెరగక, ఈసారి పొడుగు గడ్డి కోసం సరిహద్దు దాకా పోయి కోసుకొచ్చాం. ఇక వాన వచ్చిందా, వడగళ్ళతో సహా ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది. పోయినేడు అలాంటి వానే మా వరసలోంచి దిగి, గోడ మీద గీసిన నరకం నోటినీ అందులోని దయ్యాలనూ సగం కడిగేసింది. అది మట్టి ఇటుకల గోడ. నీళ్ళు తగిలితే రంగు బురదై జారిపోతుంది. నరకం పక్కనే లామాలను తోలుకుపోయే ఆడమనిషి బొమ్మ ఉంది. తాతల నాడు ఎవరు గీశారో తెలీదు గానీ, నెత్తిన మా టోపీ, వీపున మా చారల దుప్పటి. స్వర్గానికి పోయేవాళ్ళంతా తెల్లవాళ్ళే అయిన ఆ గోడ మీద మా మనిషి ఆమె ఒక్కతే. మా అమ్మ శాంతియాగోకు దణ్ణం పెట్టకముందే "బాగున్నావా వదినా" అని ఆమెను పలకరించేది. ఈ వానకు ఆమె పోతుంది.

"చూస్తావేం హిలారియా, పో. మీ తమ్ముణ్ణి పరిస్తే పరచమను, లేదా వచ్చి గుమ్మం ముందు ఆ మాట అనేయమను" అన్నాడు గుమెర్సిందో తాత. ఊళ్ళో కప్పు పని నడిపించేది ఆయనే.

మా కట్టుబాటులో ఉన్న ఒకే ఒక్క సందు అది. ఇంటి పెద్ద చర్చి గుమ్మం ముందు నిలబడి, టోపీ తీసి, "ఈ కప్పు మీద మా ఇల్లు లేదు" అని అందరూ వినేలా అంటే, ఆ వరస ఎవరైనా కప్పవచ్చు. నాకు తెలిసి ఆ మాట ఇప్పటిదాకా ఏ ఇల్లూ అనలేదు.

ఎవరిస్తో అల్పాకాల దొడ్డి గోడకు రాళ్ళు సర్దుతున్నాడు. నన్ను చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"మళ్ళీ వచ్చావా అక్కా? నీ గుర్రం దేవుడికి జలుబు చేస్తుందనా?"

"దేవుడి సంగతి నాకెందుకురా. గోడ పోతోంది. ఓసారి తలెత్తి ఆ మబ్బు చూడు."

"పోనీ. బొమ్మలకు మొక్కొద్దని రాసుంది."

"ఏం రాసుందో నాకు చెప్పకు. తిరణాల్లో తాగి బావిలో పడ్డప్పుడు ఏ దేవుణ్ణి పిలిచావో ఊరంతా విన్నది."

"అప్పుడు అజ్ఞానంలో ఉన్నా."

"ఇప్పుడు జ్ఞానం పొంగి పొర్లుతోంది మరి! గడ్డివాము దగ్గర కుక్కలాగా నువ్వు కప్పవు, ఇంకొకళ్ళని కప్పనివ్వవు. సరే, కప్పొద్దు. వచ్చి ఆ ఒక్క మాట అనేసి పో. మీ బావ కప్పుకుంటాడు."

వాడు చేతులు దులుపుకున్నాడు. "అంతేనా? మాటే కదా. పద, అనేసి వస్తా. మళ్ళీ నా గడప తొక్కొద్దు."

వాడు అంత తేలిగ్గా ఒప్పుకుంటే నా బరువు దిగాలి. దిగలేదు సరికదా, ఒళ్ళు మండింది. నాన్న వరసను పాత చెప్పులా వదిలేస్తాడా? వాడి కంటే ముందే దారి పట్టాను. గాలి చల్లబడింది, ఎక్కడో తడిసిన మట్టి వాసన అప్పుడే వచ్చేసింది. నా నడక దానంతటదే పరుగైంది.

జనమంతా గుమ్మం దగ్గర చేరారు. నా మొగుడు సెవెరో గడ్డి కట్టలు నిచ్చెన పక్కన సిద్ధంగా పెట్టి, ఆ మాట కోసం కాచుకుని ఉన్నాడు. తాత నమలమని కోకా ఆకుల సంచి చాపితే ఎవరిస్తో వద్దని తల ఊపి, టోపీ తీశాడు.

"ఈ కప్పు మీద..." అన్నాడు.

వాడు గొంతు సవరించుకున్నాడు.

"ఈ కప్పు మీద మా..."

ఇక నోరు పెగల్లేదు. ఆదివారం ఆదివారం మైకు పట్టుకుని మమ్మల్నందరినీ నరకానికి పంపే నోరు అది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అనరా నాయనా, మబ్బు ఆగదు" అన్నాడు తాత.

"అంటున్నా కదా!"

"మాకు వినపడట్లేదు."

కొండల వెనక ఉరిమింది. నాకు వాడి చెంప పగలగొట్టాలనీ అనిపించింది, దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. వాడు ఎవరి వైపూ చూడకుండా, నిచ్చెన పక్కనున్న కట్టను కాలితో కదిపాడు.

"ఎవడు కట్టాడిది? ఇంత వదులుగానా? మొదటి గాలికే ఊడిపోతుంది."

"నేనే కట్టా" అన్నాడు సెవెరో.

"ఇలాంటివి నీ వరసకు పెట్టుకో బావా" అని, టోపీ నెత్తిన పెట్టుకుని, కట్టను బిగించి, మొదలు బురదలో ముంచి నిచ్చెనెక్కాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే దిగిపోతాడేమోనని అందరికీ భయం.

ఇక కింద పరుగులే పరుగులు. ఆడవాళ్ళం కట్టలన్నీ విప్పి మళ్ళీ బిగించాం. సెవెరో బురద కలిపాడు. తమ్ముడి చేతులు పని మరిచిపోలేదు. నాన్న పరిచినట్టే కింది నుంచి పైకి, ఒక కట్ట మొదలు మీద ఇంకో కట్ట కొస వచ్చేలా పరుచుకుంటూ పోయాడు. సగం దాటాడు. అప్పుడు వడగళ్ళు మొదలయ్యాయి.

మెరుపు గంటల గోపురం వెనకే దిగింది. వెలుగూ చప్పుడూ ఒక్కసారే. మిగతావాళ్ళంతా గోడ చాటుకు పరిగెత్తారు. ఆ మైదానంలో చర్చిని మించిన ఎత్తు లేదు, దాని మీద నా తమ్ముడు ఉన్నాడు. పిడుగు శాంతియాగోదే, ఆయన మెచ్చినవాణ్ణే ముట్టుకుంటాడు అంటారు మావాళ్ళు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఇప్పుడు గుర్తొచ్చేసరికి నిచ్చెన మొదట్లో నిలబడి అరిచాను.

"దిగరా! ఎవరిస్తో, దిగు!"

"ఇంకొంచెమే!"

"గోడ పోతే పోనీరా! దిగి రా!"

"పొద్దుట్నుంచీ గోడా గోడా అని నన్ను కాల్చుకు తిన్నది నువ్వే కదే అక్కా!"

"నాదే తప్పు. నా తండ్రీ, నీ కాళ్ళు పట్టుకుంటా, దిగు."

వాడు వంగి చెయ్యి కిందికి చాపాడు. వేళ్ళ నిండా బురద. వడగళ్ళు తగిలి కణుపుల దగ్గర చిట్లి నెత్తురు కారుతోంది.

"కట్ట ఇవ్వు. నీళ్ళు లోపలికి పోతున్నాయి."

సెవెరో నా భుజం పట్టి వెనక్కి లాగాడు. విదిలించుకున్నాను. నేను ఇవ్వకపోతే వాడే దిగి, తీసుకుని, మళ్ళీ ఎక్కుతాడు. మా పుట్టింటివాళ్ళు నాకు తెలుసు. ఇచ్చాను. ఇంకో మెరుపు పడింది. వాడు అది చూడనే లేదు, వీపు ఇటు తిప్పి గడ్డి దూరుస్తున్నాడు. బొమ్మల గోడ తడిసిందో లేదో లోపలికి పోయి చూడమని ఎవరో నన్ను కేకేశారు. నేను వెళ్ళలేదు. ఇంకో కట్ట చంకలో ఇరికించుకుని, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, ఆ చెయ్యి మళ్ళీ కిందికి వస్తుందా అని పైకే చూస్తూ నిలబడ్డాను.