ఏడుపు లేని సినిమా

బ్రిటిష్ సినిమాలంటే నాకు ఒళ్లు మంట. పెద్ద బంగళా, ముసురు, పింగాణీ కప్పులు. ఇంట్లో మనిషి పోయినా ఒక్కరూ నోరు తెరిచి ఏడవరు. కిటికీ దగ్గర నిలబడి చాయ్ తాగుతారు. వాళ్ల టీవీ కామెడీలూ అంతే. జోకేసిన మనిషి నవ్వడు, వెనక నుంచి ఎవరో నవ్వుతారు.

బాపు, అంటే మా నాన్న, పోయి వారమైంది. ఆలేరులో మా ఇంటికి చుట్టాలు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ గడపలోనే శోకం అందుకుని, అమ్మను పట్టుకుని కూలబడుతుంది. అమ్మ మళ్లీ మొదటి నుంచి ఏడవాలి. ఆమె గొంతు ఎప్పుడో పోయింది. "జర ఊపిరి తీసుకోనియ్యుండ్రి" అని నేను అరిస్తే, "బాపు పోతే దీనికి ఏడుపే లేదు" అంది మా మేనత్త.

ఆ మధ్యాహ్నం కాస్త సందు దొరికితే, ఇక ఏ ఏడుపూ వినలేక ఫోన్లో ఆ బ్రిటిష్ సినిమానే ఒకటి పెట్టాను. అమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది. తెర మీద ఒక ముసలామె భర్తను సమాధి చేసి ఇంటికొచ్చింది. ఒకాయన టోపీ తీసి, రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయాడు.

"గంతేనా హరితా? ఇంకెవ్వలు రారా?" అంది అమ్మ.

"రారమ్మా."

"మంచిగున్నది," అంది, తెర మీంచి కళ్లు తీయకుండా.

వాకిట్లో ఆటో ఆగింది. "ఓ లీలక్కా..." అంటూ శోకం మొదలైంది.

అమ్మ గ్లాసు నా చేతికిచ్చి, కొంగు సర్దుకుని లేచింది.

"జర మూత పెట్టు బిడ్డా. ఏడ్చొస్త."